ఉడుకు నీళ్ళలో గాలం

నీలగిరి కొండల్లో అవలాంచీ వాగుల నుంచి ఒక ట్రౌట్ చేపను ఎంత జాగ్రత్తగా తెచ్చినా సరే, మే నెల మిట్టమధ్యాహ్నం చిలకలూరిపేట చుట్టుపక్కల ఏ చెరువులో వదిలినా అది పొద్దుగుంకే దాకా బతకదు. దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. నీళ్ళే చంపేస్తాయి. ఆ చెరువులోనే, ఆ నీళ్ళలోనే, అడుగు బురదకు ఆనుకుని కొరమీను నిక్షేపంగా ఉంటుంది. ఈ రెండు చేపలకూ తేడా ఎక్కడుందో తెలిస్తే చాలు. గాలం వేసేవాడు "ఇవాళ చేప తినడం లేదు" అనుకుని ఉత్త చేతులతో లేచి వచ్చే రోజుల్లో నీళ్ళ కింద ఏం జరుగుతోందో చాలావరకు అర్థమైపోతుంది.

ట్రౌట్‌ను పట్టే పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. చిన్న కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, పట్టుదారం చుట్టి నీటి మీద వాలే ఈగలాగానో, నీళ్ళలో పాకే పిల్లపురుగులాగానో తయారుచేస్తారు. దానికి బరువనేదే ఉండదు. బరువు లేనిదాన్ని దూరంగా విసరడం కుదరదు కాబట్టి వాళ్ళు దారాన్నే బరువుగా చేస్తారు. మామూలుగా వాడే అయిదో నంబరు దారంలో మొదటి ముప్పై అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతాయి. ఆ దారాన్ని వెనక్కీ ముందుకీ ఊపి గాల్లో సాగదీసి వదిలితే, చివరన ఉన్న ఈగ దాని వెంట వెళ్ళి నీటి మీద వాలుతుంది. మన గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కుపోతుంది. అక్కడ దారమే ఎరను మోసుకుపోతుంది.

ఇది మనకు సంబంధం లేని దొరల వినోదం అనుకోవద్దు. గుంటూరు సీమ మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే, ఆ ప్రభుత్వ ఉద్యోగులే దక్షిణాదికి ట్రౌట్‌ను తీసుకొచ్చారు. ఆ రోజుల్లో సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1863లో ఒకసారి, 1866లో ఇంకోసారి నీలగిరికి ట్రౌట్‌ను తేవడానికి ప్రయత్నించాడు. రెండూ ఫలించలేదు. 1875, 1878 మధ్య భాగాలుగా వెలువడి, నేటికీ మన చేపల గురించి ఎవరు మాట్లాడాలన్నా ముందు తెరవాల్సిన 'ఫిషెస్ ఆఫ్ ఇండియా' రాసింది ఈయనే. తరువాత హెచ్.సి. విల్సన్ చేతుల మీదుగా ఆ పని నెరవేరింది. 1907లో అవలాంచీలో ట్రౌట్ గుడ్లు పొదిగించే కేంద్రం వచ్చింది. వీళ్ళిద్దరికంటే మనకు దగ్గరివాడు హెన్రీ సలివన్ థామస్. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాసి, 1887లో కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మరో పుస్తకం రాశాడు. కొండవాగు దొరకని చోట ఊరి చెరువే విద్యకు చాలునని అంత నమ్మకంగా ఒక పుస్తకమే రాసిన మనిషంటే నాకు గౌరవం.

మా చెరువు పేట నుంచి మోటారు సైకిలు మీద కొద్ది దూరం. చుట్టూ నల్లరేగడి. మేము వెళ్ళిన రోజుకి పత్తి మోళ్ళు పీకేశారు. మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి, కాయంతా కోల్డ్ స్టోరేజీలకు చేరింది. ఓగేరు, కుప్పగంజి వాగుల్లో అక్కడక్కడా మడుగులు తప్ప పారకం లేదు. నాగార్జునసాగర్ కుడికాలువ కట్టేశాక చెరువులోకి కొత్త నీరు రావడం ఆగిపోయింది. నీళ్ళు నడుము లోతుకు మించి లేవు. అంచుల వెంట నేల నెరలిచ్చి పాదం పట్టేంత పగుళ్ళు. గాలం వేయడానికి ఇంతకంటే గడ్డు కాలం మా వైపు ఉండదు.

చేపల సొసైటీ వాళ్ళతో ముందే మాట్లాడి, చెరువు పాటలో వాళ్ళు కొనుక్కున్న బొచ్చె, శీలావతి పడితే తిరిగి వదిలేస్తామని ఒప్పుకుని వెళ్ళాం. బళ్ళో కలిసి చదువుకున్న స్నేహితులం. ఒకడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా, ఒకడు కరెంటు పని చేస్తాడు. వాళ్ళతోపాటు ఆ ఊళ్ళో పత్తి, మిరప వేసే ఒక పెద్దాయన. మేమందరం ఆయన్ని అన్న అంటాం. అన్న దగ్గర వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు, డబ్బాలో ఎర్రలు. గుమాస్తా స్నేహితుడి దగ్గర స్పిన్నింగ్ రీలు, రబ్బరు కప్ప. నా సంచిలో ఉష్ణమాపకం.

తెల్లవారుతుండగా చెరువు కట్ట దిగేసరికి నీటి మీద ఎక్కడ చూసినా చిన్న చిన్న సుడులు. పరిగెలు, జిలేబీలని పిలిచే తిలాపియాలు గుంపులుగా పైకి తేలి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

"చేపలన్నీ పైకే ఉన్నాయిరా, ఇవాళ పండగే" అన్నాడు కరెంటు మిత్రుడు.

"పైకొచ్చింది తింటానికి కాదురా అబ్బాయ్, గాలి కోసం. ఈ పూట ఎర పెట్టినా ముట్టవు" అన్నాడు అన్న.

అన్నట్టే అయింది. బెండు పక్కనే నోళ్ళు తెరుస్తున్న చేపలు ఎర వైపు తిరిగి కూడా చూడలేదు.

నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్‌కు ఒక హద్దుంది. ఆ హద్దు నీటి చల్లదనాన్ని బట్టి మారుతుంది. 10 డిగ్రీల మంచినీరు గాలిని తాకుతూ ఉంటే లీటరుకు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 20 డిగ్రీల దగ్గర అది 9.1కి, 30 డిగ్రీల దగ్గర 7.6కి పడిపోతుంది. వేడెక్కిన నీటి అణువులు జోరుగా కదులుతూ కరిగిన వాయువును బయటకు నెట్టేస్తాయి. సరిగ్గా అప్పుడే చేప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. చేప చల్లని నెత్తురు జీవి కాబట్టి నీటి వేడే దాని ఒంటి వేడి. ఆ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని జీవక్రియ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, ఆక్సిజన్ కూడా దాదాపు రెట్టింపు కావాలి. రాబడి తగ్గిన ఏడాదే పెళ్ళి పెట్టుకున్న సంసారంలా ఉంటుంది దాని పరిస్థితి. ట్రౌట్ అలాంటి అవస్థను తట్టుకునే చేప కాదు. దానికి హాయిగా ఉండేది పది నుంచి పద్దెనిమిది డిగ్రీల లోపే. పాతిక డిగ్రీలకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఉదయం, ఇంకా ఎండ పొడవక ముందే, మా చెరువు నీరు 29 డిగ్రీలుంది.

పైన చెప్పిన అంకెలు నీరు పట్టగల హద్దులు మాత్రమే. నిజంగా అంత ఉంటుందని కాదు. ఎండాకాలం చెరువు పచ్చగా ఉంటుంది, ఆ పచ్చదనమంతా కంటికి కనిపించని సన్నని నాచు. పగటిపూట అది కిరణజన్య సంయోగక్రియతో నీటిలోకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే ఆ పని ఆగిపోతుంది, ఊపిరి తీయడం మాత్రం ఆగదు. నాచు, చేపలు, అడుగున కుళ్ళే ఆకునూ పేడనూ తినే సూక్ష్మజీవులు అందరూ కలిసి రాత్రంతా ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తారు. అందుకే చెరువులో ఊపిరికి అన్నిటికంటే గడ్డు వేళ అర్ధరాత్రి కాదు, తెల్లవారుజాము. లీటరుకు 3 మిల్లీగ్రాములకు దిగితే చాలా చేపలు మేత తగ్గించేస్తాయి. తిన్నది అరగడానికీ ఆక్సిజనే కావాలి మరి. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులకు ఇది కొట్టినపిండి. ఆ వేళకే ఏరేటర్లు తిప్పుతారు, మబ్బు పట్టిన రోజున మేత తగ్గిస్తారు. మన ఊరి చెరువుకు ఏరేటర్ లేదు. పైకి తేలిన చేపలు నీటి పైపొర కోసం వచ్చాయి. గాలిని తాకే ఆ రవ్వంత మందంలోనే కాస్త ఆక్సిజన్ మిగిలి ఉంటుంది. నోరు తెరిచి ఆ పొరను మొప్పల మీదుగా పారించుకుంటున్నాయి.

ఇంత ఉక్కిరిబిక్కిరిలోనూ కొరమీను దర్జాగా ఉండటానికి కారణం ఊహకు అందనిదేమీ కాదు. ఒక లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల నీరు నిండుగా పట్టినా లీటరుకు 7.6. అంటే నీటి కంటే గాలి ముప్పై అయిదు రెట్లు సంపన్నం. పైగా నీరు గాలి కంటే ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది కనుక దాన్ని మొప్పల గుండా తోయడానికే చేపకు బోలెడు శక్తి పోతుంది. కొరమీను ఈ బేరం మానేసింది. దాని తలలో మొప్పలకు పైన రెండు పక్కలా ఒక్కొక్క గది ఉంటుంది. లోపలి గోడల నిండా సన్నని రక్తనాళాలు. పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి, ఆ గదుల్లో నింపుకుని, మళ్ళీ మునిగిపోతుంది. కొన్ని నిమిషాల తరువాత మళ్ళీ వస్తుంది. ఇంగిలాయి, మార్పు చేపలకూ ఇటువంటి ఏర్పాట్లే ఉన్నాయి, నిర్మాణం మాత్రం వేరు వేరు.

ఈ వరానికి వెల ఉంది. ఎదిగిన కొరమీను మొప్పల మీదే ఆధారపడి బతకలేదు. వల కిందనో, గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోటనో పైకి రాలేక చిక్కుకుంటే, నీటిలో ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీళ్ళలో మునిగి చావడమంటే ఇదే. అది పైకి రాక తప్పదు కనుకనే కొంగకూ, గద్దకూ, గాలం వేసేవాడికీ తన ఉనికి చెప్పక తప్పదు. ట్రౌట్ వేటగాడు ఈగల కోసం ఎగిరే చేప చేసే వలయాలను చూస్తాడు. మేము కొరమీను గుక్క వేసిన చోటు చూస్తాం. పరిగెల సుడులు చిన్నవి, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కొరమీను సుడి ఒక్కటే, బరువైనది, దాని వెనకే రెండు మూడు బుడగలు. మళ్ళీ అక్కడే వస్తుందో, కాస్త పక్కకు జరిగి వస్తుందో చూసుకుంటే అది ఏ వైపు కదులుతోందో తెలుస్తుంది. ఎర వేయడం కంటే ముందు పని ఇది. చాలామందికి దీనికి ఓపిక ఉండదు.

ఈ చేపకు 1793లో బెర్లిన్ వైద్యుడు మార్కస్ ఎలీజర్ బ్లాక్ శాస్త్రీయ నామం పెట్టాడు. తెలంగాణ దీన్ని 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లిలో పంచే చేప మందులో జనం ప్లాస్టిక్ సంచుల్లో పట్టుకుని వరసలో నిలబడేది కొరమీను పిల్లలతోనే. గుక్కెడు నీళ్ళలో అంతసేపు అది బతికుండేది ఈ గాలి ఊపిరి వల్లే. ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఆ సంగతి ఇక్కడ చెప్పకుండా దాటిపోవడం సరికాదు.

ఎనిమిదింటికి గేదెలు దిగాయి. అప్పటికే మబ్బుగా ఉన్న నీరు కాస్తా చిక్కటి కాఫీరంగుకు తిరిగింది. కరెంటు మిత్రుడు నిట్టూర్చి గాలం చుట్టేయబోయాడు. నల్లరేగడి నీరు ఇంత మొండిగా ఎందుకు ఉంటుందో చెప్పుకోవాలి, ఎందుకంటే మన పల్నాడు, ప్రకాశం రైతులు తాగే నీళ్ళకూ ఇదే కష్టం. రేగడి మట్టి రేణువుల్లో చాలావాటి వెడల్పు ఒక మిల్లీమీటరులో అయిదువందలో వంతు కూడా ఉండదు. ఆ సైజు రేణువు నిలకడ నీటిలో రోజుకు దాదాపు ఒక అడుగు కిందికి దిగుతుంది. దానికి పదో వంతు ఉన్న రేణువుకు అదే అడుగు దిగడానికి వంద రోజులు కావాలి. దిగే వేగం రేణువు సైజుకు వర్గంగా పడిపోతుంది మరి. పైగా ఈ రేణువుల పైన రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకటినొకటి నెట్టుకుంటాయే తప్ప కలిసి గడ్డకట్టవు. మన అమ్మమ్మలు చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీసి బురద నీటిని తేర్చేవాళ్ళు. ఆ గింజలోని పదార్థాలు రేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తాయి. పెద్ద ముద్దలు అయ్యాక అవి బరువుకు దిగిపోతాయి. పటిక చేసేదీ ఇలాంటి పనే. ఉప్పు కలిసిన నీటిలో మట్టి త్వరగా తేరుతుంది, అందుకే వాగులు సముద్రంలో కలిసే చోట మేట వేస్తాయి.

బురద నీటిలో కళ్ళకు పని లేదు. ట్రౌట్ వేటకు అదే పెద్ద దెబ్బ. తేట నీళ్ళలో ఉన్న చేప పైకి చూస్తే వక్రీభవనం వల్ల బయటి లోకమంతా తలమీద ఒక గుండ్రటి కిటికీలోనే కనిపిస్తుంది. మీటరు లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు రెండుంబావు మీటర్లు. గట్టున నిటారుగా నిలబడ్డవాడు ఆ కిటికీలో పడతాడు, నేలకు వంగి కూర్చున్నవాడు దాని అంచున అణగిపోయి కనిపించడు. ట్రౌట్ వేటగాళ్ళు మోకాళ్ళ మీద పాకేది అందుకే. మా చెరువులో ఆ బాధ లేదు, ఈగ వేస్తే చూసే చేపా లేదు. ఇక్కడ చేప ఎరను కళ్ళతో కాక ఒంటితో పసిగడుతుంది. తల నుంచి తోక దాకా పక్కన సాగే పార్శ్వరేఖలో సన్నని కేశాల వంటి కణాలుంటాయి. నీరు ఏ కొంచెం కదిలినా అవి వంగి మెదడుకు కబురు పంపుతాయి. దగ్గరలో కప్ప కాళ్ళు తన్నుకుంటే చీకట్లోనైనా కొరమీనుకు దిక్కు తెలుస్తుంది. కనుక బురద నీళ్ళలో కదలని ఎర్ర ఎర లేనట్టే. కదిలే ఎరే ఎర. గేదెలు చేసిన అపకారం రబ్బరు కప్పకు ఉపకారమైంది. మేం మాత్రం గట్టు మీద అడుగులు చప్పుడు కాకుండా వేయాలి. ఎండి గట్టిపడ్డ రేగడి నేల మీద దబదబ నడిస్తే ఆ అదురు నీళ్ళలోకి సులువుగా పాకుతుంది. చెప్పులు కట్ట మీదే వదిలేశాం.

పదిన్నరకు పడమటి గాలి మొదలైంది. మా వైపు వడగాలిని ఎరిగినవాళ్ళకు దాని గురించి వివరించనక్కర్లేదు. అన్న బెండు అలల మీద ఎగురుతూ చేప కొరికిందో గాలి కదిలించిందో తేలనివ్వలేదు. ఈకల ఈగను విసిరేవాడైతే అక్కడితో మూటకట్టుకోవాల్సిందే. 9 గ్రాముల దారాన్ని ఎదురుగాలి మొహానికే తెచ్చి కొడుతుంది. మేము గాలి వీపుకు తగిలేలా పడమటి గట్టుకు మారాం. అక్కడ కట్టమీది నల్లతుమ్మల నీడ నీటి మీద పడుతోంది. ఉష్ణమాపకం ఎండలో పైనీటికి 35 చూపించింది, తుమ్మ నీడలో మోకాలి లోతున 31. నాలుగు డిగ్రీల తేడా చేపకు చిన్నది కాదు. చెరువులో ఉన్న బరువైన చేపల్లో చాలావరకు ఆ నీడలోనే ఉండి ఉంటాయని మా నమ్మకం.

అన్న అక్కడ కూర్చుని తన పొలం వైపు చూస్తూ చెప్పిన మాట ఈ అధ్యాయంలో తప్పనిసరిగా ఉండాలనుకున్నాను. "ఆ రోజుల్లో మందు కొట్టిన తెల్లారి వాన పడితే చాలు, వాగులో చేపలు తెల్లగా తేలేవి. పిల్లకాయలు ఏరుకోబోతే మేం కొట్టి తరిమేవాళ్ళం" అన్నాడు. 1980ల్లో పత్తి చేలలో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా వాడారు. మేలు చేసే పురుగులు చచ్చిపోయి, తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. ఆ మందులే నీళ్ళలో చేపలనూ చంపాయి. సైపర్‌మెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ చేపను చంపడానికి లీటరు నీటిలో మైక్రోగ్రాములు చాలు, అంటే గ్రాములో పదిలక్షో వంతు లెక్క. మనుషుల కాలేయం ఈ మందును త్వరగా విరగ్గొట్టి బయటకు పంపగలదు. చేపల్లో ఆ పని చేసే ఎంజైములు బలహీనం. మందు మొప్పల గుండా నేరుగా నెత్తుట్లోకి పోతుంది. ఎండోసల్ఫాన్ కూడా చేపలకు అంతటి విషమే. 2011 మే 13న సుప్రీంకోర్టు దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపమని ఉత్తర్వు ఇచ్చింది.

ఇక్కడ ఫ్లై ఫిషింగ్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్ళు చేప కంటే ముందు పురుగుల్ని చూస్తారు. రాళ్ళు తిరగేసి మేఫ్లై పిల్లపురుగులు ఉన్నాయా లేవా అని వెతుకుతారు. ట్రౌట్ ముఖ్యంగా తినేది వాటినే. పైరెత్రాయిడ్లు కీటకాలను చంపడానికే పుట్టిన మందులు కనుక, నీళ్ళలోకి చేరితే చేపల కంటే ముందే ఈ పురుగులు పోతాయి. చేపలు తెల్లగా తేలేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. మేఫ్లైలు, తూనీగ పిల్లలు తగ్గడం దానికి ముందస్తు కబురు. మందులు బంకమట్టి రేణువులకు గట్టిగా అంటుకుంటాయి కాబట్టి మన బురద వాటిలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతుంది. అది మేలూ, కీడూ కూడా. నీటిలో తేలే విషం తగ్గుతుంది, ఆ విషమే అడుగు బురదలో ఉండే పురుగులకు తగులుకుంటుంది. ప్రతి ఊరి బళ్ళో పిల్లలకు ఏడాదికి రెండుసార్లు చెరువు పురుగుల్ని లెక్కపెట్టడం నేర్పితే బాగుంటుందని చాలాకాలంగా నా కోరిక. దానికి కావలసింది ఒక జల్లెడ, ఒక తెల్లటి పళ్ళెం.

తుమ్మ నీడకు అంచున, గుర్రపుడెక్క మధ్య చిన్న సందు ఉంది. అందులో ఒక సుడి, రెండు బుడగలు. గుమాస్తా మిత్రుడు చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. రబ్బరు కప్పను ఆకుల మీదికి విసిరి, అక్కడి నుంచి నీటి సందులోకి మెల్లగా జార్చాడు. ఒకసారి కదిపి ఆపాడు. మళ్ళీ కదిపాడు. నీళ్ళు పగిలినట్టు చప్పుడైంది.

"లాగకురా, మింగనీ" అన్నాడు అన్న.

మిత్రుడు క్షణం ఆగి ఎత్తాడు. కర్ర విల్లులా వంగింది. కొరమీను మొదటి ఊపు భయంకరంగా ఉంటుంది, కానీ ఎక్కువసేపు ఉండదు. దాని ఒంట్లో ఎక్కువ భాగం తెల్ల కండరం. ఆక్సిజన్ లేకుండానే చప్పున శక్తి విడుదల చేసి, వెంటనే లాక్టిక్ ఆమ్లంతో నిండిపోయే రకం. పొంచి ఉండి ఒక్క దూకులో కప్పను పట్టుకునే చేపకు కావలసింది అదే. నాలుగైదు ఊపులకే అది అలసి పక్కకు ఒరిగింది. తడి గుడ్డతో పట్టుకుని గట్టుకు చేర్చాం.

చేపను తిరిగి వదిలేయదలచుకుంటే ఈ లాక్టిక్ ఆమ్లం సంగతి ఇంకా ముఖ్యం. అలసటకు పేరుకున్న ఆమ్లాన్ని చేప కరిగించుకోవడానికి గంటలు పడుతుంది, దానికీ ఆక్సిజన్ కావాలి. వేడి నీళ్ళలో అది దొరకదు. నీళ్ళలోకి వదలగానే ఈదిపోయిన ట్రౌట్ అవతలి మలుపులో చచ్చిపోవచ్చు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నది నీరు వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 23 సెల్సియస్ తాకితే, మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయడం ఆపేస్తారు. మా కొరమీనుకు ఆ నియమం యథాతథంగా వర్తించదు. కానీ మాకు పొరపాటున పడే శీలావతికీ బొచ్చెకూ వర్తిస్తుంది, అవి గాలి మింగి బతికే చేపలు కావు. సొసైటీ వాళ్ళకు మాటిచ్చాం కదా అని 35 డిగ్రీల నీళ్ళలో వాటిని ఆటాడించి వదిలితే మాట దక్కుతుందేమో కానీ చేప దక్కదు. అందుకే ఒంటిగంటకు గాలాలు ఎత్తేశాం. అన్నకు అప్పటికి ఒక్క జెల్ల కూడా పడలేదు. అయినా ఆపేద్దామన్న మాట ముందుగా ఆయన నోటి నుంచే వచ్చింది.

తొలకరి పడ్డాక ఇదే చెరువులో మేము కొరమీను జోలికి పోము. వానలతోనే అది జోరుగా గుడ్లు పెడుతుంది. కలుపు మొక్కలను పక్కకు నెట్టి గుండ్రంగా చోటు చేసుకుంటుంది. తేలే గుడ్లకూ, తరువాత ఎర్రగా ముద్దలా కదిలే పిల్లల గుంపుకూ తల్లీ తండ్రీ రెండూ కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద ఏది వచ్చి పడినా ఎగబడి కరుస్తాయి, ఆకలితో కాదు. ఆ సమయంలో రబ్బరు కప్ప వేసి వాటిని పట్టడం సులువు. పెద్దవి పోతే పిల్లలన్నిటినీ జిలేబీలు ఒక్క పూటలో ఊడ్చేస్తాయి.

ఆ రోజు దొరికిన చేపను అన్న ఇంటి వెనక బూడిద రాసి తోమి, బండ మీద పెట్టాం. తల కోసే ముందు మొప్ప మూత ఎత్తి అందరికీ చూపించాను. ఎర్రటి మొప్పలు చేప సైజుకు చిన్నవే. వాటి పైన వేలి చివర పట్టేంత గది, లోపల ముడతలు పడ్డ ఎర్రటి పొర. అన్న కూతురు ఇంటర్ చదువుతోంది. తమ పుస్తకంలో మొప్పల బొమ్మ ఉంది కానీ ఈ గది లేదంది. ఆ అమ్మాయే కత్తితో పొట్ట కోసి లోపలున్నవాటిని పళ్ళెంలోకి తీసింది. సగం అరిగిన ఒక చిన్న కప్ప, రెండు రొయ్య పిల్లలు, నాలుగు తూనీగ పిల్లపురుగులు. చుట్టూ ఇన్ని మందులు కొట్టే పొలాల మధ్య ఈ చెరువులో తూనీగలు ఇంకా పుడుతున్నాయన్న సంగతి చూసి అన్న మొహం విప్పారింది. కరెంటు మిత్రుడు ఆ పురుగుల్ని సబ్బు డబ్బాలో వేసుకున్నాడు. వాటిని చూసి నెమలి ఈకతో, నల్లదారంతో అచ్చం అలాంటిదే ఒకటి కట్టాలని వాడి ఆలోచన.

"నీళ్ళు చల్లబడ్డాక వేద్దాం బావా, అప్పుడు చూడు" అన్నాడు గుమాస్తాతో.

"ముందు పరిగెలు తింటాయో లేదో చూడరా, కొరమీను సంగతి తరవాత" అని, అన్న పులుసుకు చింతపండు నానబెట్టమని లోపలికి కేకేశాడు.